ఒకటో తేదీ కాకపోయినా మోగిన సైరన్

పూండి డ్యాముకు దిగువనుండే ఒక ఊర్లో వరద సైరన్‌ను ప్రతి నెలా ఒకటో తేదీన ఉత్తినే మోగించి చూస్తారు. తేదీ చూసి దాన్ని తనంతట తానే మోగించే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తుందా అని చూసేదానికి ఈరోజు ఆ ఊరికి పోయి, కంప్యూటర్ తేదీని ఒకటికి మార్చినాను. స్పీకర్ వైరు పీకేది మరిచిపోయినాను. ఊరంతా అదిరేట్టు మోగింది. జనం బిడ్డల్ని ఎత్తుకొని పరిగెత్తతా ఉంటారని భయపడి బయటికి ఉరికినాను.

ఒక్కరూ కదల్లేదు. టీ అంగడి అక్క వడలు తిప్పతా ఉండింది.

"నెలనెలా మోగేదే కదన్నా!"

"ఈరోజు ఒకటో తేదీ కాదు కదక్కా?"

"తేదీ ఎవురు చూస్తారు?"

సాఫ్ట్‌వేర్ బాగుందని రాసిచ్చి తిరువళ్లూరు వచ్చేసినాను. ఇప్పుడు పూండి పక్క మబ్బు నల్లంగా కమ్ముకుంటా ఉంది. మీ ఊర్లో మోగితే మీరన్నా లేస్తారా?