ఏవ్రిల్ సగ్డెన్ తీసిన ఒకే ఒక్క సినిమా

ఏవ్రిల్ సగ్డెన్‌కు ఇరవై రెండేళ్లు నేనే బట్టలు చూశాను. టీవీ స్టూడియోలో కాస్ట్యూమ్స్ నా పని. ఆమె నడుం కొలత ఎప్పుడు పెరిగిందో, ఎవరిమీద మనసుపడి ఎప్పుడు తగ్గిందో నాకు తెలిసినంతగా ఆమె డాక్టరుకు కూడా తెలియదు. అందరికీ ఆమె నవ్వించే మనిషి. నాకు మాత్రం ఆమె పేరు వినగానే ముందు వాళ్లక్క ఈనిడ్ గుర్తొస్తుంది.

వాళ్లది ఇంగ్లండు తూర్పు తీరంలోని గ్రిమ్స్‌బీ. చేపల రేవు పక్కన, వాకిట్లోకే వాసన వచ్చే వీధి. తండ్రి ఎవరో, ఎటు పోయాడో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. తల్లి పోయేనాటికి ఏవ్రిల్‌కు పదకొండేళ్లు, ఈనిడ్‌కు ఇరవై. ఈనిడ్ రేవు షెడ్డులో చేపలు కోస్తూ చెల్లెల్ని పెంచింది. తర్వాత ట్రాలర్ మీద చేపల వేటకు వెళ్లే క్లిఫ్ అనే కుర్రాణ్ని పెళ్లి చేసుకుంటే, అతను వీళ్లింటికే వచ్చాడు. అతను ఒడ్డున ఉండేది మూడు వారాలకు రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఇల్లంతా పండగలా ఉండేదని ఏవ్రిల్ చెప్పేది.

అరవై నాలుగు జనవరిలో క్లిఫ్ ఎక్కిన సిల్వర్ పెట్రెల్ అనే ఓడ ఐస్‌లాండ్ వైపు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పంతొమ్మిది మంది. ఒక్క శవం దొరకలేదు, ఒక్క చెక్క కూడా కొట్టుకురాలేదు. చర్చిలో ప్రార్థనలు చేశారు. ఈనిడ్ ఏడవలేదు. మర్నాడు సాయంత్రం ఐదింటికి బల్లమీద మూడు పళ్లేలు పెట్టింది. మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీ వడ్డించి, మూడో పళ్లెం మీద ఇంకోటి బోర్లించి, చల్లారకుండా ఓవెన్‌లో పెట్టింది. పడుకోబోయే ముందు అది తీసి పక్కింటివాళ్ల కుక్కకు వేసింది. మర్నాడూ అంతే. నాలుగు నెలలు అలాగే జరిగింది. పాదిరీ వచ్చి చెప్పాడు, పక్కింటావిడ వచ్చి చెప్పింది. "అవునండీ, అవునండీ" అని వాళ్లకు టీ ఇచ్చి పంపేసేది.

ఒకనాడు ఏవ్రిల్ ఓవెన్ తలుపు తెరిచి లోపలికి తొంగిచూసి, "క్లిఫ్‌కి ఇవాళ కూడా ఆకలి లేనట్టుందే! ఆ కుక్కని చూడు, పీపాలా తయారైంది" అంది.

ఎందుకన్నదో తనకే తెలియదట. పదిహేనేళ్ల పిల్ల. ఈనిడ్ చెయ్యెత్తింది. చెంప పగిలిందే అనుకుంది ఏవ్రిల్. కానీ ఈనిడ్ ఆ చేత్తో తన నోరే మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. నేలమీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే భోరున ఏడ్చింది. నాలుగు నెలల్లో అదే మొదటి ఏడుపు. మర్నాటి నుంచి రెండు పళ్లేలే పెట్టింది.

"నవ్వించడమంటే ఏంటో ఆ రోజే తెలిసింది డాట్, అంతకుముందంతా కోతివేషాలే" అని ఏవ్రిల్ ఒకసారి మేకప్ తుడుచుకుంటూ అంది. డాట్ అంటే నేనే.

పంతొమ్మిదో ఏట ఆమె సముద్రపు ఒడ్డున వేసవి ప్రదర్శనల్లో చేరింది. తర్వాత క్లబ్బులు. మగ కమెడియన్ల పక్కన నిలబడి తిట్లు తినే వేషాలు. డెబ్బై ఆరులో టీవీలో మిసెస్ టాప్లిస్ వేషం దొరికింది. అద్దె గదుల ఇల్లు నడుపుతూ అందరి విషయాల్లో తల దూర్చే మనిషి. చేతిలో పళ్లెం ఎప్పుడూ జారి పడుతుంది, ఎవరి రహస్యమో ఎప్పుడూ వింటూ దొరికిపోతుంది. దొరికినప్పుడల్లా "నేనేమన్నానండీ? ఊరికే నించున్నా!" అంటుంది. ఆ మాట దేశమంతా పాకింది. బస్సులో, కసాయి కొట్లో, ఆసుపత్రిలో, ఎక్కడ కనబడినా జనం ఆమె ముఖం మీదే ఆ మాట అనేవారు. ఆమె నవ్వేది. ఏడేళ్లు నవ్వింది.

ఆ సీరియల్ రాసింది ఇద్దరు మగవాళ్లని పేర్లలో పడేది. నా గదిలో నేను అంచులు కుడుతుంటే ఆమె పెన్సిల్‌తో తన మాటలన్నీ కొట్టేసి కొత్తగా రాసుకునేది. జనం నవ్వింది ఆ పెన్సిల్ మాటలకే. మూడో ఏడు తగువు పడితే రచయితల పేర్లలో ఆమెదీ వేశారు, కింద, సన్నటి అక్షరాల్లో.

"కనబడిందా?" అని అడిగాను.

"నాకు కనబడలేదు. మా ఈనిడ్ టీవీకి ముక్కు ఆనించి చూసిందట. తెర మసకేసిందని ఫోన్లో తిట్టింది."

ఈనిడ్ ప్రతి శుక్రవారం ఫోను చేసేది. "పడేటప్పుడు మోకాళ్లు కనబడ్డాయే, సిగ్గులేదూ?" అనేది. ఆవిడ మెచ్చుకోవడమంటే అదే. ఏవ్రిల్ ఆ ఫోను కోసం పార్టీలు కూడా మానుకునేది.

సీరియల్ ఆగిపోయాక ఏవ్రిల్ సినిమా రాసింది. భర్తను సముద్రం తీసుకుపోయిన ఒక మనిషి, ఆమె పెట్టే పళ్లెం, ఆ ఇంట్లో ఒక పిల్ల. చదివి నేను ఆ సాయంత్రం ఇంకే పనీ చేయలేకపోయాను. తనే దర్శకత్వం చేస్తానని పట్టుబట్టింది. నిర్మాతలు ఐదేళ్లు తిప్పారు. చివరికి ఒకాయన ఒప్పుకున్నాడు, ఆ భార్య వేషం ఏవ్రిలే వేస్తే. ఆమె మనసులో ఉన్నది నాటకాల్లో చేసే వేరే నటి.

"నీ ముఖం లేకపోతే ఎవరొస్తారమ్మా చూడ్డానికి?" అన్నాడట ఆయన.

ఏవ్రిల్ నెలరోజులు తిండి సరిగా తినలేదు. తర్వాత ఆ భార్య వయసు నలభైకి పెంచి, చెల్లెల్ని కూతురుగా మార్చి, సరేనంది.

"ఈనిడ్‌కి చెప్పావా?" అని అడిగాను.

"చెప్పాను. రేవు గురించి అన్నాను."

"పళ్లెం సంగతి?"

చెప్పుల పట్టీ బిగించుకుంటున్నట్టు వంగింది. "తీశాక చూపిస్తా. చూస్తే తనకే అర్థమవుతుంది. ముందే చెబితే వద్దంటుంది."

"వద్దంటే?"

"అందుకేగా చెప్పంది!"

ఆ తప్పులో నా వంతు లేదని అనను. ఆ కాలపు కోటు ఎక్కడా సరైనది దొరక్క, ఈనిడ్‌కు నేనే ఉత్తరం రాశాను. వారంలో పార్సిల్ వచ్చింది. ఆకుపచ్చ ఉన్ని కోటు, కలరా ఉండల వాసన. లోపల చీటీ: "కింది గుండీ ఊడిపోయింది, ఏదైనా కుట్టుకోండి. ఏవ్రిల్‌కి చలి ఎక్కువ. లోపల స్వెట్టర్ వేయించండి." ధన్యవాదాలు రాశాను. అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు.

గ్రిమ్స్‌బీలో తీయలేదు. ఉత్తరాన వేరే రేవులో ఐదు వారాలు తీశారు. ఊరు అచ్చం అలాగే ఉందని ఏవ్రిల్ అందరికీ చెప్పింది. అసలు కారణం మా ఇద్దరికీ తెలుసు. దర్శకురాలిగా ఆమెను చూడాలి! ఆ కోటు వేసుకునే కెమెరా వెనక్కీ ముందుకీ తిరిగేది. ఎవరిమీదా గొంతు పెంచలేదు. ఓవెన్ దగ్గరి సన్నివేశం పద్నాలుగు సార్లు తీసింది. పద్నాలుగోసారి అయ్యాక లైట్లబ్బాయిలు కూడా కదల్లేదు.

తొంభై ఒకటి మార్చిలో మొదటి ఆట గ్రిమ్స్‌బీలోనే వేశారు. అది నిర్మాత కోరిక. హాలు నిండింది, మూడొందల మంది. ఈనిడ్ జుట్టు సెట్ చేయించుకుని, నీలం గౌను వేసుకుని వచ్చింది. నాకు ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క ఏవ్రిల్. దీపాలు ఆరాయి. తెరమీద ఆకుపచ్చ కోటులో ఏవ్రిల్ రేవు మెట్లు ఎక్కి వస్తోంది. ఈనిడ్ నా చెయ్యి నొక్కి, "గుండీ బాగా కలిసింది" అంది.

అప్పుడే వెనక వరసల నుంచి ఎవడో గొంతెత్తి, "ఊరికే నించున్నా!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అందులో చెడ్డతనం లేదు. వాళ్ల ఊరి పిల్ల మీద ప్రేమ. అలవాటుగా ఏవ్రిల్ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు ఇక ఆగలేదు. ఓడ జాడ తెలియడం లేదని చెప్పడానికి మనిషి వస్తే నవ్వారు. ఆమె మూడో పళ్లెం పెడితే, అది ఎప్పుడు జారి పడుతుందా అని నవ్వారు. ఇంకోటి బోర్లిస్తే ఇంకా నవ్వారు. తెరమీది పిల్ల ఓవెన్‌లోకి తొంగిచూసి ఆ మాట అంది. హాలు కప్పు లేచిపోయింది.

నేను ఈనిడ్ వైపు చూడలేకపోయాను. ఆవిడ లేచిన చప్పుడు మాత్రం విన్నాను. "క్షమించండి, కొంచెం జరుగుతారా? క్షమించండి" అంటూ, ఎవరి కాలూ తొక్కకుండా వరస దాటి వెళ్లిపోయింది.

ఏవ్రిల్ వెంట పరుగెత్తింది. ఆమె సంచీ పట్టుకుని నేనూ వెళ్లాను. బయట సముద్రపు గాలి కోసేస్తోంది. ఈనిడ్ బస్సు స్టాపులో నిలబడి రుమాలు తలకు కట్టుకుంటోంది.

"ఆగవే, చివరిదాకా చూడు. చివర్లో ఎవరూ నవ్వరు."

"నవ్వనీ. జనానికి నచ్చింది. బాగానే తీశావు."

"నిన్ను చూసి కాదు నవ్వింది. నన్ను చూసి. ఆ దిక్కుమాలిన టాప్లిస్‌ని చూసి."

"ఆ కోటులో ఉన్నది నేనే కదే."

ఏవ్రిల్ అక్క చెయ్యి పట్టుకోబోయింది.

ఈనిడ్ గొంతు పెంచలేదు. "ఆ రోజు నువ్వా మాట అనకపోతే నేనేం చేసుకునేదాన్నో నీకు తెలీదు. ఎవరికీ చెప్పలేదు. పాతికేళ్లకు పైగా దాచుకున్నా. అది మనిద్దరిదే అనుకున్నా."

"అడిగితే వద్దనేదానివి."

"అవును. వద్దనేదాన్ని."

బస్సు వచ్చింది. ఎక్కేసింది. కిటికీ పక్కన కూర్చుని కూడా ఇటు చూడలేదు.

ఏవ్రిల్ లోపలికి వెళ్లాలి. ఆట అయ్యాక వేదిక మీద మాట్లాడాలి. నేను ఆమె ముక్కు మీద పౌడరు అద్దాను. ఆమె ఎక్కి, పది నిమిషాలు వాళ్లను కడుపుబ్బ నవ్వించింది.

సినిమా రెండు వారాలు ఆడింది. నవ్వు ఆశించి వచ్చినవాళ్లు సగంలో విసుక్కున్నారని పత్రికలు రాశాయి. తర్వాత పోర్చుగల్‌లో ఏదో చిన్న సినిమా పండగలో వేస్తే బహుమతి వచ్చింది. తీసుకోవడానికి ఆమె వెళ్లలేదు. వెళ్లొచ్చిన కెమెరా ఆయన చెప్పిన సంగతి నాకు చెప్పింది.

"ఆ మాట దగ్గర అక్కడ ఎవరూ నవ్వలేదట డాట్. ఒక్కరంటే ఒక్కరు. చీమ చిటుక్కుమంటే వినబడేదట. వాళ్లకి టాప్లిస్ ఎవరో తెలీదుగా."

ఈనిడ్‌కు రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగి వచ్చేవి. శుక్రవారం ఫోను రాలేదు. రెండో సినిమా స్క్రిప్టు నలభై పేజీల దాకా రాసి ఆపేసింది. నిర్మాత మళ్లీ మళ్లీ అడిగాడు. "నేను రాసిందాంట్లో నాదంటూ ఒక్క మాట లేదు. అన్నీ ఎవరో ఒకరి దగ్గర కొట్టేసినవే" అని నాతో అంది. ఊరూరా తిరిగి, క్రిస్మస్‌కు పిల్లల కోసం ఆడే పాంటోమైమ్‌లు వేసుకుంటూ ఆరేళ్లు బతికింది.

తొంభై ఏడులో ఆసుపత్రి నుంచి కబురు. ఈనిడ్‌కు పక్షవాతం. కుడి పక్క పడిపోయింది. మాట పోయి, ఒకే ఒక్క మాట మిగిలింది: గురువారం. టీ కావాలన్నా గురువారమే, కిటికీ వెయ్యమన్నా గురువారమే. ఏవ్రిల్ పెట్టె సర్దుకుని అదే రోజు వెళ్లిపోయింది. గుమ్మంలోంచి తనను చూసి ఈనిడ్ తల తిప్పుకుందట. వెళ్లగొట్టే ఓపిక మాత్రం లేదు.

నెలకోసారి నేను వెళ్లేదాన్ని. ఏవ్రిల్ అక్కకు ఒళ్లు తుడిచేది, జుట్టు దువ్వేది, చెంచాతో తినిపించేది.

"గురువారం" అనేది ఈనిడ్ చిరాగ్గా.

"ఉప్పు తగ్గిందా? వేస్తానుండు."

"గురువారం!"

"సరే తల్లీ, నా వంట ఇంతే. డాట్, విన్నావా, ఎంతమాటంటోందో!"

ఈనిడ్ నవ్వేది కాదు. కానీ గిన్నె ఖాళీ చేసేది.

రెండో శీతాకాలంలో ఒకసారి, నేను వంటగదిలో గిన్నెలు తుడుస్తుంటే వినబడింది. ఏవ్రిల్ అడుగుతోంది: "ఆ సినిమా విషయంలో నన్ను క్షమించావా, లేదా? ఊఁ అంటే చాలు."

కుర్చీ కిర్రుమంది. తర్వాత ఈనిడ్, ఎప్పటి చిరాకూ లేకుండా, మెల్లగా, "గురువారం" అంది.

ఏవ్రిల్ వంటగదిలోకి వచ్చి నా చేతిలోని గుడ్డ తీసుకుని తనే తుడవడం మొదలుపెట్టింది.

"ఏమందంటావు?" అన్నాను.

"తెలీదు. నాకు కావలసిన అర్థం పెట్టుకోవచ్చు. పెట్టుకోను. తన బతుకు ఒకసారి వాడేసుకున్నాను, చాలదూ?"

ఈనిడ్ రెండు వేల సంవత్సరం ఫిబ్రవరిలో, కుర్చీలో కూర్చునే పోయింది. అంత్యక్రియల్లో ఏవ్రిల్ లేచి నిలబడగానే వెనక బల్లల్లో వాళ్ల ముఖాలు విచ్చుకున్నాయి, ఏదో సరదాగా చెబుతుందని. తను ఈనిడ్ చెల్లెల్నని చెప్పి, వచ్చినందుకు దండం పెట్టి కూర్చుంది.

ఆ వేసవిలోనే టీవీ నుంచి ఒక కుర్ర నిర్మాత ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. పక్షవాతం వచ్చిన అక్క, ఒకప్పటి హాస్యనటి చెల్లెలు, ఒకే ఇంట్లో. సినిమాగా తీస్తే ఎంత బాగుంటుందో అన్నాడట. మీరే రాయండి, మీరే తీయండి, ఎవరూ అడ్డు చెప్పరు. పదేళ్ల కింద అయితే ఆ మాట కోసం ఆమె కాలినడకన లండన్ వెళ్లేది.

"మా అక్క చాలా మామూలు మనిషండీ" అంది ఏవ్రిల్. "చెప్పుకోవడానికేమీ లేదు." ఫోను పెట్టేసి, బంగాళాదుంపల తొక్క తీయడానికి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లోనే ఇంకో పన్నెండేళ్లు బతికింది. పోయినప్పుడు పత్రికలన్నీ పళ్లెం జారుతున్న ఫొటోనే వేశాయి. సినిమా గురించి ఒకదాంట్లో ఒక్క వాక్యం ఉంది. అందులో సంవత్సరం తప్పు.