ఉప్పు కలిపిన ప్లేటు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, ఉప్పల్‌లోని మా పరిశోధనాలయం నాకు నాచారం పని అప్పగించింది. పారిశ్రామికవాడ వెనక, ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు ఇంకి తెల్లగా పొరకట్టిన నేల ఉంది. అందులో బతికే బాక్టీరియాను వేరుచేసి, వాటి జన్యువులు చదవాలి. హోదాకు సీనియర్ శాస్త్రవేత్తనే గానీ స్వభావానికి పిరికిదాన్ని. చేతితొడుగులు రెండేసి వేసుకుంటానని ల్యాబులో అందరూ ఆటపట్టించేవారు.

మట్టి తీసేది మా ఫీల్డ్ అసిస్టెంట్ యాదగిరి. ఒకరోజు గాజుపెంకు తొడుగును చీల్చుకుని అతని చేతిలో దిగింది. కడిగి కట్టుకట్టాం. నాలుగు రోజులు తిరక్కుండానే చెయ్యి మణికట్టు దాకా వాచి, ఒళ్లు కాలిపోతూ ఆసుపత్రిలో చేరాడు.

డాక్టరు మామూలు మందు మొదలుపెట్టి, చీమును కల్చర్‌కు పంపారు. పోషకాల జెల్లీ పోసిన ప్లేటు మీద రాసి ఏం మొలుస్తుందో చూడటమే కల్చర్. ఏమీ మొలవలేదని రిపోర్టు వచ్చింది. యాదగిరి భార్య లక్ష్మి వరండాలో నన్ను నిలదీసింది.

"ఏం లేదంటున్రు గద మేడం, మరి చెయ్యెందుకు నల్లగైతుంది? తీసెయ్యాల్సి వస్తదంటున్రు. ఆ మట్టిల ఏముందో మీకెర్కే గద, జర చెప్పున్రి."

నాకు తెలుసు.

ఆవకాయ తొందరగా చెడిపోదెందుకంటే, ఉప్పు సూక్ష్మజీవుల్లోంచి నీళ్లు లాగేస్తుంది. మా నేలలోని బాక్టీరియా దానికి విరుగుడు సంపాదించుకున్నాయి. లోపలికి చొరబడ్డ ఉప్పును బయటికి తోడిపోసే పంపుల జన్యువులు వాటిలో ఉన్నాయి. ఆ జన్యువులను చిన్న డీఎన్ఏ వలయాల రూపంలో ఒకదానికొకటి అందించుకుంటాయి. మందులను తట్టుకునే జన్యువులు కూడా కొన్నిసార్లు అదే వలయం ఎక్కి వస్తాయి. పైగా ఉప్పుకు అలవాటుపడినవి ఆసుపత్రి ప్లేటులో ఉండే కాస్త ఉప్పుతో మొలవకపోవచ్చు. అంతకన్నా కాస్త ఎక్కువగా మన ఒంట్లో ఉన్న ఉప్పు మాత్రం మా మట్టిలోని రకానికి సరిపోతుందేమోనని నా భయం.

డాక్టరును బతిమాలి చీము తెచ్చి, మేం ఉప్పు కలిపి పోసుకునే ప్లేట్ల మీద రాశాను. ఏమీ మొలవకూడదని కోరుకున్నాను. మొలవకపోతే చెయ్యి ఎందుకు పోతోందో ఇక ఎవరికీ తెలియదని కూడా భయపడ్డాను. మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీస్తే నారింజరంగు చుక్కలు కనిపించాయి, మట్టిలో నేను రోజూ చూసేవే. వాటిమీద రకరకాల మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి చూశాం. యాదగిరికి ఎక్కిస్తున్న మందు బిళ్లను ఆనుకునే అవి పెరిగాయి. ఇంకొక మందు చుట్టూ మాత్రం ఏమీ మొలవక ప్లేటు ఖాళీగా ఉంది. ఆ పేరు డాక్టరుకు ఫోన్లోనే చెప్పాను.

మందు మార్చారు. చెయ్యి నిలిచింది, రెండు వేళ్లు పోయాయి. తర్వాత జన్యువులు చదివితే, ఉప్పు పంపూ మందును తట్టుకునే జన్యువూ ఒకే వలయం మీద కనిపించాయి.

యాదగిరి తిరిగి డ్యూటీలో చేరాక రెండేసి తొడుగులు వేసుకునేవాడు. వాటిలో రెండు వేళ్లు ఖాళీగా వేలాడేవి. ల్యాబులో ఎవరూ ఆటపట్టించలేదు.

ఏమీ మొలవలేదన్న రిపోర్టు ఎవరు చూపినా నేను ఇప్పటికీ అడిగేది ఒకటే, ఏ ప్లేటు మీద అని.