మేడమీది జపాన్ ఇంజనీరు

మూకండపల్లిలో మా మేడమీద ఒక జపాన్ ఇంజనీరు అద్దెకుండేవాడు. ఇక్కడికి వచ్చాక పరుగు మానేసి లావెక్కానని నాతో ఇంగ్లీషులో అనేవాడు.

జారిపడి కాలు విరిగినప్పటినుంచి మా అమ్మ గడప దాటలేదు. ఒక ఉదయం అతను బూట్లు వేసుకొని దిగి, "పోదామా అమ్మా?" అని ఆమెకు చేయి చాచాడు.

"నేనా? పడిపోతానప్పా!"

"పోదామా అమ్మా?" అతనికి వచ్చిన తెలుగు అంతే.

ఆ రోజు వీధి చివరిదాకా నడిచారు. తిరిగొచ్చాక అమ్మ పెట్టిన రాగి సంగటిని వేళ్లు కాల్చుకుంటూ తిన్నాడు. ఏడాదిపాటు అదే వరస: ముందు ఆమెతో నడక, తర్వాత ఒక్కడే పరుగు, ఆపైన ఇద్దరికీ సంగటి.

వెళ్లిపోయే ముందురోజు తన దేశపు సూపు వండి తెచ్చాడు. కారం లేదు, పులుపు లేదు. ఎవరి వంటకైనా వంకపెట్టే అమ్మ గిన్నె ఖాళీ చేసి, "బాగుండాదప్పా, ఇంక రవంత పొయ్యి" అంది.