రేడియేటర్‌లో మంచినీళ్ళు

రాప్తాడు చుట్టుపక్కల బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసి బతికేవాణ్ణి. డెబ్బైల చివర్లో బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి, వాటితోపాటు నా పనీ ఎండింది. పని పోయినా పొగరు పోలేదు. చప్పుడు వింటే చాలు, ఇంజను జబ్బేమిటో చెప్పేస్తానని నా గురించి నేనే చాటుకునేవాణ్ణి. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

మా అన్న వరసగా రెండేళ్ళు వేరుశనగ విత్తి, కాయలు లేని నాలుగు మోపుల కట్టె తప్ప ఏమీ ఇంటికి తెచ్చుకోలేదు. మేత లేక ఎద్దుల డొక్కలు ఎండిపోతుంటే చూడలేక అమ్మేశాడు. వాటి బదులు ఒక పాత జీపు కొందామనుకున్నాడు. వెనక సగం కోసేసి చెక్కల తొట్టి కట్టిన డీజిల్ బండి, ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో ఉందన్నారు. మూటలో, మేకలో, మనుషులో, ఏవి దొరికితే అవి అనంతపురానికి తోలుకోవచ్చు. అన్నకు ఇక అదే ఆధారం. పైగా పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు వదిన కడుపుతో ఉంది, ఐదో నెల.

"నువ్వు ఊ అంటేనే తీసుకుంటా. నాకేం తెలుసప్పా ఇంజన్ల సంగతి," అన్నాడు బస్సులో.

అమ్మేవాడు ముందే వేడి చేసి పెట్టుంటాడేమోనని, పోగానే ఇంజను మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. హ్యాండిల్ వేసి తిప్పితే రెండో తిప్పుకే అందుకుంది. పొగ నల్లగానూ లేదు, నీలంగానూ లేదు. ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాను. గాలి తన్నలేదు, అంటే లోపల రింగులు అరగలేదు. కళ్ళు మూసుకుని చప్పుడు విన్నాను. ఎక్కడా తడబాటు లేదు. నా మొహం చూసి అన్న మొహం కూడా విచ్చుకుంది.

ఇంజను ఆపి రేడియేటర్ మూత తీశాను. అంచు దాకా నీళ్ళు, తేటగా, మెరుస్తూ. ఆ ఊళ్ళో చెయ్యి కడిగిన నీళ్ళు కూడా పారబోయరు, మేకలకు పెడతారు. అలాంటి చోట బండికి తాగేనీళ్ళు!

"దీనికి మంచినీళ్ళే పోస్తామన్నా. మాకు లేకున్నా దీనికి ఉండల్ల," అంది అమ్మేవాడి భార్య. అప్పుడే చంకన బిందెతో వచ్చింది. ఆ బిందెడు నీళ్ళ కోసం రెండు మైళ్ళు నడిచి పోవాలట.

నేను మురిసిపోయాను. బండిని బిడ్డలా చూసుకున్నారనుకున్నాను. వాపు చూసి బలుపనుకోవడమంటే అదే. పాత ఇంజనులో నీళ్ళు నాలుగు రోజులు నిలిస్తే తుప్పుకు ఎర్రబడాలి. తేటగా ఉన్నాయంటే ఆ పొద్దున పోసినవే. రోజూ పోస్తున్నారంటే రోజూ ఎక్కడికో పోతున్నాయి. బావి ఇంజన్లకు బావినీళ్ళే వచ్చి చల్లబరుస్తాయి కాబట్టి, నీళ్ళను అనుమానించడం నాకు అలవాటు లేదు.

అయినా పద్ధతి తెలుసు. కింద కుళాయి విప్పి నీళ్ళు వదిలి, ఆయిల్ తెట్టు ఉందేమో చూడాలి. మళ్ళీ నింపి, మూత తెరిచి ఇంజను నడిపి, బుడగలు లేస్తున్నాయేమో చూడాలి. రెంటిలో ఏది కనిపించినా ఇంజను లోపల ఎక్కడో చీలినట్టు.

"నీళ్ళు ఒకసారి వదిలి చూడల్లప్పా," అన్నాను.

అమ్మేవాడు భార్య వైపు చూశాడు. ఆమె బిందె కిందికి దించింది. "వదులుకోన్నా. ఇవి పోస్తా. నేను మల్లా పోయొస్తాలే," అంది. ఆమె మడమలు పగిలి, పగుళ్ళలో నెత్తురు ఎండి ఉంది.

నాకు చెయ్యి రాలేదు. కింద ఒక బొచ్చె, వెడల్పాటి గిన్నె, పెట్టి పట్టి మళ్ళీ పోసినా సరిపోయేది. సిగ్గు అడ్డమొచ్చినప్పుడు బొచ్చె గుర్తుకు రాదు. "వద్దులేమ్మా," అని అన్నవైపు తిరిగాను. "ఇంజను బాగుండాది. కండ్లు మూసుకోని తీసుకోన్నా."

తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే, "ఇది దినామూ నీళ్ళు తాగుతాండాది కదప్పా," అన్నాడు. "ఎండలు కదన్నా," అన్నాను. విప్పి చూడొచ్చు. చూస్తే నా మాట తప్పని ఒప్పుకోవాలి.

వదినకు నొప్పులు వచ్చింది నడి ఎండాకాలంలో. బిడ్డ అడ్డం తిరిగింది, అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. మిట్టమధ్యాహ్నం తొట్టిలో బొంత పరిచి వదినను పడుకోబెట్టాం. తాగడానికి ఒక క్యాను నీళ్ళు పెట్టుకుని నేను పక్కన కూర్చున్నాను. రాప్తాడు ఇంకా రెండు మైళ్ళుందనగా ముందునుంచి ఆవిరి లేచింది. అన్న దిగి రేడియేటర్ చూశాడు, తర్వాత క్యాను వైపు చూశాడు. చుట్టూ ఎక్కడా చుక్క లేదు.

"పొయ్యండి. నాకొద్దు," అంది వదిన. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఆవిరి తగ్గాక పోశాం. ఒక్క గుక్క కూడా ఆమెకు మిగల్చలేదు. బండి అర మైలు పోయి బిగుసుకుపోయింది. గంట తర్వాత ఒక లారీ ఆగింది. ఆసుపత్రిలో వదినను బతికించారు. మగబిడ్డ దక్కలేదు.

తర్వాత ఇంజను నేనే విప్పాను. సిలిండర్ మీది మూత, హెడ్డులో వేలెడంత చీలిక. నీళ్ళు రోజూ పోతున్నది అందులోంచే. అంచులు నల్లబడి ఉన్నాయి, కొత్తది కాదు. ఆ రోజు నామీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. వదినకు మళ్ళీ కడుపు పండలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం వాళ్ళింట్లో కూర్చుని, ఆ బిందె సంగతి, నేను నీళ్ళు వదలని సంగతి అంతా అన్న ముందే ఆమెతో చెప్పేశాను. తిడుతుందని, తిడితే బాగుంటుందని చెప్పాను.

"ఆ యమ్మ బిందె దించినంక నేనైనా నీళ్ళు వదలమనేదాన్ని కాదప్పా," అంది వదిన.

అన్న లేచి బయటికి పోయాడు. వదిన లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. పోయిన బిడ్డ తల్లి ఇచ్చిన ఆ నీళ్ళు ఒక్క చుక్క కూడా వదలకుండా తాగాను.