శనివారం టికెట్

ప్రొద్దుటూరులో విమానం టికెట్లు అమ్మే గురురాజారావును మర్యాదగా పరిచయం చేయడం నా వల్ల కాదు. నుదుట గోపీచందనం, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. లోపల మాత్రం జాలి లేదు.

ఒకప్పుడు జమ్మలమడుగు, పులివెందుల వైపుల నుంచి కువైట్ పోయేవాళ్లంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన పంచాంగం చూసి మంచిరోజు చెప్తేనే టికెట్ తీసుకునేవాళ్లు. మనకు తెల్లవారితేనే వారం మారుతుంది. విమానాలకు అర్ధరాత్రే మారిపోతుంది. అందుకని శనివారం తెల్లవారుజామున విమానమైతే, శుక్రవారం పొద్దున్నే ఇల్లు కదలమని మరీ మరీ చెప్పి పంపేవాడు.

తర్వాత విమాన కంపెనీలు ఏజెంట్ల కమీషన్ కోసేశాయి. ఇప్పుడైతే ఫోన్‌తో తెలుగులో మాట్లాడితే చాలు, ధరలు పోల్చి అదే టికెట్ తీసిపెడుతుంది. రావు ఈగలు తోలుకుంటూ, ఫోన్ పట్టుకున్న ప్రతి మనిషినీ మనసులో తిట్టుకునేవాడు.

మైలవరం చాంద్‌బీ కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. సెలవు మీద వచ్చింది. ఎప్పుడూ రావు దగ్గరే టికెట్ తీసుకునేది కానీ, ఈసారి కూతురు షహనాజ్ ఫోన్‌లో తీసిచ్చింది. ఆ శనివారం లోపల చేరకపోతే అకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, రద్దవుతుంది. దాంతో పాటే పనీ పోతుంది. టికెట్‌లో శనివారం, 01:20 అని ఉంది. తల్లీకూతుళ్లు పాత పరిచయం కొద్దీ దాన్ని రావుకు చూపించారు.

"శనివారం రాత్రే గదా సామీ? ఆ పొద్దున బయల్దేరితే సాలునా?" అని చాంద్‌బీ అడిగింది.

రావు ఆ అంకెల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"శనివారమనే ఉంది. ఫోన్ చెప్పినాక మళ్లా నన్నెందుకు అడుగుతాండావు?"

ఈ మాట నాకు షహనాజే చెప్పింది. రావు అన్నదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

శనివారం సాయంత్రం బెంగుళూరు విమానాశ్రయం గేటు దగ్గర కాపలా మనిషి టికెట్ చూసి, ఆ విమానం రాత్రే వెళ్లిపోయిందన్నాడు. ఆమె కట్టిన పెట్టె కట్టినట్టే ఇంటికి తెచ్చుకుంది. అకామా పోయింది. కువైట్ వాళ్లు వేరే వంటమనిషిని పెట్టుకున్నారు.

కబురు ఊళ్లన్నీ తిరిగింది. ఫోన్ టికెట్ కొంప ముంచుతుందని భయపడి జనం మళ్లీ రావు దగ్గరికి రాసాగారు. ఆఫీసు ఊడ్చి టీలు అందించడానికి ఆయన చాంద్‌బీనే పనికి పెట్టుకున్నాడు. ఎంత దయగల మనిషో అని బజారంతా మెచ్చుకుంది. ధర ఎక్కువని ఎవరైనా గొణిగితే, ఆమెను పిలిచి జరిగింది చెప్పమంటాడు.

మొన్న నేను అక్కడే ఉన్నాను. వీరపునాయునిపల్లె రైతు నారాయణ ఆమె చెప్పిందంతా విని, "పోయే ముందర తెలిసినోళ్లను ఒక మాట అడిగింటే పోయేది గదమ్మా" అన్నాడు.

చాంద్‌బీ చీపురు పట్టుకుని రావు వైపు చూసింది. ఆయన కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తలేదు.

"ఎవరినీ అడగల్యాప్పా. తప్పు నాదే" అంది.