ఉప్పు త్రికోణం, చేప సున్నాలు

నిన్న గాజువాకలో మా మనవరాలు లెక్కల పుస్తకం ముందేసుకుని మూతి ముడుచుకు కూర్చుంది. పుస్తకంలో ఒక చతురస్రానికి మూడు సున్నాలు ఉన్నాయి; అదే నిష్పత్తిలో ఆరు సున్నాలకు బొమ్మ గీయాలట. సున్నాలు మూడు పెరిగాయి కదా అని మా పిల్ల చతురస్రాలు కూడా మూడు పెంచి, నాలుగు గీసింది. టీచర్ ఎర్ర సిరాతో కొట్టేసింది. అది చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత మా మేనత్త మీద బెంగ ముంచుకొచ్చింది. సరిగ్గా ఇదే తప్పు నేనూ చేశాను, కాకపోతే కాగితం మీద కాదు, చేపల మీద.

అప్పట్లో మా ఇల్లు సముద్రం ఒడ్డున. పుట్టగానే అమ్మ పోతే, నన్ను పెంచింది అత్తే. పొద్దున్నే పచ్చి చేపలతో పూర్ణా మార్కెట్‌కి వెళ్లేది, మిగిలినవి ఉప్పు పట్టి ఎండబెట్టేది. మూడు గంపల చేపకి ఒక గంప ఉప్పు. ఆ పని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. అలాంటిది ఒకరోజు వల బరువుగా పడి ఆరు గంపలు మిగిలితే, నన్ను నమ్మి అప్పగించి వెళ్లింది. చేప మూడు గంపలు పెరిగింది కదా అని నేను ఉప్పూ మూడు గంపలు పెంచాను. అంత తెలివి నాది. ఆ చేప కొన్నవాళ్లు లేరు. తర్వాత నెలంతా మా ఇంట్లో ఆ చేపలే; పులుసుకి వేరే ఉప్పు వేయలేదు.

నాన్న వచ్చి, "ఎవలేసినారీ ఉప్పు?" అన్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. అత్త తల ఎత్తకుండానే, "నానే ఏసినాను. సెయ్యి జారింది" అంది. ఉప్పు పట్టడంలో పేరున్న మనిషి. ఆ మాటకి పేటంతా నవ్వుకుంది.

నాన్న వెళ్లాక నన్ను పిలిచి, బొగ్గుతో గోడ మీద గీసింది. ఉప్పుకి త్రికోణం, చేపకి సున్నా. ఒక త్రికోణం, మూడు సున్నాలు, వాటి చుట్టూ ఒక గిరి. "ఇటు సూడే. ఇదొక ఇల్లు. సేపలు పెరిగితే పక్కన ఇంకో ఇల్లు గియ్యి. ఏ ఇంట్లోనైనా ఒక ఉప్పు, మూడు సేపలు. అంతే."

తప్పు నాదని నాన్నకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పేలోపే అత్త పోయింది. అప్పటికి నాకు పదిహేనేళ్లు.

మనవరాలి పుస్తకంలో రెండు గిరులు గీసి చూపించాను. "నీకెవలు నేర్పారు, అమ్మమ్మా?" అంది.

"ఉప్పు ఎక్కువేసింది నేనే" అన్నాను. దానికేం అర్థం కాలేదు, పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

అత్తతో ఉన్నది పదిహేనేళ్లు, అత్త లేకుండా నలభై ఐదు. ఒకటికి మూడు. ఆ ఒక్క పాలు ఉప్పే మిగతా మూడు పాళ్లనూ ఇంతకాలం చెడకుండా కాచింది.