ఎఫ్‌సీ రోజున మాత్రం బాగుపడే కారు

2023 ఆడి నెల, అంటే జూలై, ఆగస్టు. తమిళనాడు ధర్మపురిలో సేలం రోడ్డు పక్కన ఉన్న నా మెకానిక్ షెడ్డులో నేనొక కారుకు తాయెత్తు కట్టాను. మనిషికి కాదు, కారుకే. ఇరవై రెండేళ్లుగా స్పానరు పట్టినవాణ్ని, ఇంజను చప్పుడు విని రోగం చెబుతానని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ని, రాగి రేకు చుట్టిన ఎర్రదారం పళ్లతో పట్టుకుని వెల్లకిలా బండి కిందికి దూరాను. ఈ సంగతి నా భార్యకు చాలా రోజులు చెప్పలేదు. చెప్పిన రోజు ఆమె, "అదేదో నీ మెడకే కట్టుకోనుంటే కొంచెం బుద్ధన్నా వచ్చుండును" అంది.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. అద్దెకు తిరిగే బండి, అంటే పసుపు బోర్డు బండి, ఎనిమిదేళ్లు దాటితే ఏడాదికోసారి ఎఫ్‌సీకి పోవాలి. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. బ్రేకులు, లైట్లు, స్టీరింగు, పొగ చూసి, ఇది రోడ్డెక్కడానికి తగిన బండేనని ఇన్‌స్పెక్టరు ఇచ్చే కాగితం. ఆ పరీక్షకు బండిని సిద్ధం చేసే ట్యూషన్ మాస్టారును నేను. నా ఫిట్‌నెస్ ఎవరూ అడగరు. అడిగితే మోకాళ్ల దగ్గరే ఫెయిలు.

చాలామంది నన్నడిగే ప్రశ్న ఒకటుంది. బెంగళూరు కంపెనీల్లో పెద్ద అధికారులు వెనక సీట్లో కూర్చుని తిరిగిన పాత ఎగ్జిక్యూటివ్ కార్లు మావైపు చవకగా వస్తాయి. వాటిని కొంటే ఏటేటా ఎఫ్‌సీ దాటుతాయా అని. నేను వెంటనే, "మా కృష్ణప్ప మామ నల్లకారు చూడండి, ఒక్కసారి కూడా తప్పలేదు" అనేవాణ్ని. నా మాట విని కార్లు కొన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారంటే అది వాళ్ల మంచితనం.

కృష్ణప్ప మామ నాకు దూరపు బంధువు. కంబైనల్లూరు వైపు ట్రావెల్స్ నడిపేవాడు. మావాళ్లు బయట అడుగుపెడితే అరవం, ఇంట్లో తెలుగు. దానివల్ల మాకొక పిచ్చి నమ్మకం పట్టుకుంది. కోర్టులో, ఆఫీసులో, సంతలో అబద్ధాలుంటాయి గానీ, మనవాడు మనింటి భాషలో చెప్పేదాంట్లో ఉండదని. మామ నా షెడ్డుకు వచ్చినప్పుడల్లా నోటినిండా తెలుగే మాట్లాడేవాడు.

ఆ కారు డ్రైవరు మునిరాజు. ఆరడుగుల మనిషి, నవ్వు ముఖం, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఏడాది పొడుగునా బండికి ఏ చిన్న రోగం వచ్చినా నా దగ్గరికి తెచ్చేది అతనే. ఎఫ్‌సీ రోజున మాత్రం అతనికి సెలవు. ఆ రోజు మామే స్వయంగా బండి తోలుకుని వచ్చేవాడు. ఓనరుకు బండి మీద ఎంత ప్రేమో అని నేను మురిసిపోయేవాణ్ని.

మొదటి ఏడాది, చిత్రి నెలలో, అంటే ఏప్రిల్ ఎండల్లో, మునిరాజు తెచ్చినప్పుడు బ్రేకు నొక్కితే కారు ఎడమకు లాగేది. చేతనైనంత సరిచేశాను. ఆడిలో ఎఫ్‌సీకి మామ తెచ్చినప్పుడు తోలి చూస్తే గీత గీసినట్టు తిన్నగా ఆగింది. నా హస్తవాసి ఇంత గొప్పదా అనుకుని ఆ పూట రెండు టీలు ఎక్కువ తాగాను. పది రోజులకు మునిరాజు మళ్లీ వచ్చాడు.

"ఏందన్నా, నువ్వు చేసిన బ్రేకు పది దినాలు గూడా నిలవదా?"

కూర్చుని చూస్తే మళ్లీ అదే ఎడమ.

రెండో ఏడాది అది నవ్వుకునే సంగతిగా మిగల్లేదు. డ్రైవరు కాళ్ల కింద నేల రేకు తుప్పు తిని, చిల్లులోంచి రోడ్డు కనిపిస్తుంటే, నేను చదరపు ముక్క ఒకటి వెల్డింగు పెట్టాను. నా వెల్డింగు అందంగా ఉండదు, దాన్ని ఎక్కడున్నా గుర్తుపట్టగలను. ఎఫ్‌సీ రోజున మ్యాట్ ఎత్తి చూశాను. అక్కడ ముక్క లేదు. అతుకు లేదు. గీకిన గుర్తయినా లేదు. కంపెనీ వేసిన రంగుతో నున్నగా, చల్లగా ఉంది ఆ రేకు. కారు లోపల కర్పూరం ఉండల వాసన, చాలాకాలం మూసిన పెట్టె తెరిచినట్టు. డ్రైవరు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. ఆరడుగుల మునిరాజు అందులో ఇమడడు.

"మామా, ఈ ఫ్లోరు...?" అన్నాను.

"సేలంలో మొత్తం మార్చేసినా అల్లుడా. మన బండి గదా, ఊరికే విడస్తానా?"

తెలుగులోనే చెప్పాడు. నమ్మాను.

నెల తిరక్కుండా మునిరాజు వచ్చాడు. అతను టీకి పోయినప్పుడు మ్యాట్ ఎత్తాను. నా చదరపు ముక్క అక్కడే ఉంది. నా వంకర అతుకు, దాని అంచున కొత్తగా ఎర్రటి తుప్పు. మిట్ట మధ్యాహ్నం, రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి, నాకు మాత్రం వీపు చల్లబడింది. చర్మం మానినట్టు ఇనుము మానుతుందా? మానిన గాయం మళ్లీ పాతదై తిరిగొస్తుందా? కారు దాని పాటికది నిలబడి ఉంది. దానివైపు వీపు తిప్పడానికి ధైర్యం చాలలేదు. వెనక్కి నడుచుకుంటూ షెడ్డులోంచి బయటపడ్డాను.

రెండు బండ్లు ఉండొచ్చని నాకెందుకు తట్టలేదని మీరడగొచ్చు. నంబరు ఒకటే కదా. ఒక నంబరు రెండు బండ్లకుండదని అంత గట్టిగా నమ్మినవాణ్ని, ఒక బండికి రెండు ఒళ్లుంటాయని ఇట్టే నమ్మేశాను. తుప్పు బండిదే అయినా తప్పు మాత్రం నాదే.

మూడో ఏడాది ఎఫ్‌సీకి పది రోజుల ముందు మునిరాజు బండి తెచ్చాడు. ఈసారి రోగం గట్టిది. బ్రేకు హోసు, అంటే చక్రానికి బ్రేకు ఆయిలు తీసుకుపోయే రబ్బరు గొట్టం, పెడల్ నొక్కినప్పుడల్లా కప్ప గొంతులా ఉబ్బుతోంది. అది పగిలిందంటే ఇక పెడల్ తొక్కినా తొక్కకపోయినా ఒకటే.

"మునీ, దీంతో తొప్పూరు కనవాయి మాత్రం దిగొద్దు. టౌనులో తోలుకో, అంతే" అన్నాను. కనవాయి అంటే సేలం పోయే దారిలో ఉన్న ఘాటు. లారీలే అక్కడ బ్రేకులు కాలి నిలవలేవు.

మునిరాజు మామకు ఫోను చేశాడు. "ఎఫ్‌సీకి ఎట్లాగూ మార్చేదే గదా, అంతవరకు ఉండనీ అన్నాడన్నా" అని చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే నేను కడత్తూరు దగ్గర ఒక పూజారి దగ్గరికి పోయాను. ఆయన రాగి రేకు మీద గీతలు గీస్తూ, "ఎవురికి?" అన్నాడు.

"కారుకు సామీ."

ఆయన గీయడం ఆపాడు. "నక్షత్రం?" అన్నాడు. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాను. "పుట్టింది?" అన్నాడు. తయారైన సంవత్సరం చెప్పాను. మేమిద్దరం నవ్వలేదు. ఆ తాయెత్తునే సాయంత్రం, ముందు చక్రాల మధ్యనుండే అడ్డ కమ్మీకి మూడు ముళ్లు వేసి కట్టాను.

ఎఫ్‌సీ రోజు వచ్చింది. మామ ఈసారి షెడ్డుకు కాకుండా పరీక్ష మైదానానికే కారు తెచ్చి, "నువ్వు వరసలో ఉండు అల్లుడా, కాగితాలు నేను చూసుకుంటా" అని తాళం నా చేతికిచ్చి కౌంటరు దగ్గరికి పోయాడు. మళ్లీ కర్పూరం ఉండల వాసన. హోసు పట్టి చూశాను, గట్టిగా, కొత్తగా ఉంది. ఇంకాస్త లోపలికి జరిగి అడ్డ కమ్మీ చూశాను.

తాయెత్తు లేదు. తెంపిన దారం లేదు. నేను మూడు ముళ్లు వేసిన చోట ఒక సాలెగూడు ఉంది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది, కదిలించి నెలలైనట్టు. పది రోజుల కిందట నా వేళ్లు తిరిగిన చోటది. ఊపిరి వదిలితే ఆ గూడు మెల్లగా ఊగింది.

లేచి, బట్టలు దులుపుకోకుండానే గేటు దగ్గరి టీ అంగడికి పోయాను. ఆడి గాలి దుమ్మెత్తి కొడుతోంది. గ్లాసు పట్టుకుని వెనక్కి చూశాను, కారు వరసలో ఉంది. ముందుకు తిరిగాను. రోడ్డు మీద అదే నల్లకారు, అదే నంబరు, నా ముందునుంచే పోయింది. స్టీరింగు దగ్గర మునిరాజు. వెనక ఒక ముసలమ్మ, ఒడిలో చంటిపిల్లను పెట్టుకున్న అమ్మాయి, ఇంకెవరో. మునిరాజు నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపాడు. సేలం వైపు.

వెనక్కి చూశాను. కారు వరసలోనే ఉంది.

ఆ క్షణం నా కాళ్ల కింద నేల ఉందని ప్రమాణం చేయలేను. నన్ను మళ్లీ నేల మీద పెట్టింది ఒక చప్పుడు. గలగల, గలగల. ఆ కారు సైలెన్సరు క్లిప్పు వదులైతే నేనే తీగతో బిగించాను, బాగా బిగించలేదు. దయ్యాలకు సైలెన్సరు క్లిప్పు వదులవదు. అది ఇనుపబండి. రెండో బండి. ఎఫ్‌సీ కోసం మంచిదాన్ని దాచి, దీన్ని అదే నంబరుతో మామ ఏడాదంతా కిరాయికి తిప్పుతున్నాడు. తాయెత్తు, తుప్పు, కప్ప గొంతు హోసు, అన్నీ దీనిలోనే ఉన్నాయి. చంటిపిల్లతో సహా అది కనవాయి వైపు పోతోంది.

మునిరాజుకు ఫోను చేశాను. తీయలేదు. తోలేటప్పుడు ఫోను తీస్తే చెవులు మెలేస్తానని అతనికి చెప్పినవాణ్ని నేనే. తాళం నా జేబులో ఉంది. వరసలోంచి కారు తీసి, వెంటపడ్డాను.

కనవాయి ఇంకా కొంత దూరముందనగా గలగల వినిపించే దగ్గరికి చేరాను. హారన్ కొట్టాను, లైట్లు వేశాను. ముందు కారు కాస్త తడబడింది. తర్వాత రోడ్డు పక్కకు ఒరిగి, మట్టిలో చాలా దూరం జారి ఆగింది. దిగి పరుగెత్తాను. మునిరాజు స్టీరింగు వదల్లేదు.

"అన్నా, నువ్వేనా? అద్దంలో చూసినా. నా బండే నా యెనక వస్తా ఉండాది. నంబరు తిరగబడినా సదివేసినా. దారిలో యాడో సచ్చిపోయినానేమో, నా బండిని ఇంకెవురో తోలుకుని వస్తా ఉండారేమో అనుకున్నా."

"దిగు ముందు. ఈ బండి నీకెవరిచ్చినారు?"

"ఓనరమ్మ. వీళ్లు మాకు తెలిసినోళ్లు, పాపకు చెవులు కుట్టించేకి కులదైవం గుడికి పోవల్ల అంటే, ఓనరు గోడౌను తెరిచి లోపలుండే ఈ బండి తాళమిచ్చింది. ఎఫ్‌సీ అయిపోయి బండి వచ్చేసిందనుకున్నా. హోసు గూడా మార్చేసింటారులే అని..."

అతని తప్పేమీ లేదు. కాగితాన్ని నమ్మాడు, అంతే. కిందికి దూరి చూశాను. ఎర్రదారం గాలికి ఊగుతోంది. దాని పక్కనే హోసు మీద సన్నని చీలిక, దాని అంచున బ్రేకు ఆయిలు చుక్కగా నిలిచి ఉంది. మునిరాజు చేత పెడల్ నొక్కించలేదు. నొక్కితే ఏమవుతుందో చూడక్కర్లేదు.

ముసలమ్మ రెండు కార్లనూ మార్చి మార్చి చూసింది. "ఏం నాయనా, అవి రెండూ కవలలా?"

"అవునవ్వా. ఒకటే కడుపున పుట్టలేదు గానీ."

అందరినీ మంచి కార్లోకి మార్చాం. పాప ఒక్క కన్ను తెరిచి చూసి మళ్లీ నిద్రపోయింది. మునిరాజు వాళ్లను సేలం తీసుకుపోయాడు. ఇప్పటికీ కనవాయి పేరెత్తితే అతను మాట మారుస్తాడు.

అప్పటినుంచి పాత ఎగ్జిక్యూటివ్ కారు గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది వేరు. ఇంజను పేరు చూసి మురిసిపోవద్దు. అది అంత త్వరగా చెడదు. చెడేది రబ్బరు. హోసులు, బుష్‌లు, సీళ్లు. వాటిని ఏటా చూపించి మార్చే ఓనరుంటే ఆ కారు ఎఫ్‌సీ దాటుతుంది, చూపించకపోతే దాటదు. ఎన్నడూ తప్పని బండి ఉందని ఎవరైనా చెబితే, ముందు నంబరు కాదు, బండి చూడండి. నేను మూడేళ్లు బండి కింద పడుకుని, ఒక్కో బండికి ఒక్కటిగా ఇనుములో కొట్టి ఉండే ఛాసిస్ నంబరు ఒక్కసారి కూడా చదవలేదు. అది ఇన్‌స్పెక్టరు పని అనుకున్నాను. నా పని తాయెత్తు కట్టడం అనుకున్నాను.

ఇక మిగిలింది ఆ రోజు మధ్యాహ్నం. జబ్బు కారును రెండో గేరు దాటనీయకుండా, చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదినుంచి తీయకుండా, నత్తలా తోలుకుంటూ ధర్మపురికి తిరిగొచ్చాను. దారిలో మామ నాలుగుసార్లు ఫోను చేశాడు. "బ్రేకు పరీక్ష చేస్తా ఉండా మామా, వస్తా ఉండా" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

మైదానంలోకి వచ్చి, కారును తీసుకుపోయి వరసలో పెట్టాను.

మామ పరుగెత్తుకొచ్చాడు. "ఏం అల్లుడా, ఇంతసేపా! మన వంతు వచ్చేసింది." తుండుగుడ్డ తీసి అద్దం మీద దుమ్ము తానే తుడిచాడు. ఎంత శ్రద్ధగా రెండింటినీ ఒకేలా చేసుకున్నాడంటే, ఏది ఏదో ఆయనే పోల్చుకోలేకపోయాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి బానెట్ ఎత్తమన్నాడు. మామే ఎత్తాడు. ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు. దాన్ని పెన్సిల్ ప్రింట్ అంటారు, కింద ఉన్న అంకెలు కాగితం మీదికి తేలతాయి. తేలిన అంకెలను పాత కాగితంతో పోల్చాడు. ఇంకో కాగితం పెట్టి మళ్లీ రుద్దాడు. ఈసారి మెల్లగా. తర్వాత తలెత్తి, అరవంలో, చాలా మర్యాదగా, "ఇది ఏ బండి?" అని అడిగాడు.

మామ కారును చూశాడు. వంగి కిందికి చూశాడు, అక్కడ ఎర్రదారం ఊగుతోంది. అప్పుడు నావైపు తిరిగాడు.

ఎన్నో బండ్లను పరీక్షకు సిద్ధం చేశాను గానీ, ఆ రోజు బండినీ సిద్ధం చేయలేదు, మామనూ సిద్ధం చేయలేదు. మా ఇంటి భాషలో, వీలైనంత మెత్తగా అన్నాను:

"చెప్పు మామా, సార్ అడుగుతా ఉండాడు గదా."